లక్షలో ఒకరికట! ఎక్కడ నిలబడి లెక్కపెట్టారు?

పోయిన వారం మా పెదనాన్నగారి అమ్మాయి వాట్సాప్‌లో ఒక ఫార్వర్డ్ పంపింది. కింద ఒకటే ముక్క: “అక్కా, నువ్వు ల్యాబ్‌లో ఉంటావు కదా, ఇది నిజమేనా?” అప్పటికే అది నాకు ఇంకో రెండు గ్రూపుల్లో తగిలింది. ఒకచోట దాని కింద వరసగా దండాల బొమ్మలు, “చక్కగా చెప్పారు సార్”లు.

మెసేజ్ సారం ఇది. పొత్తికడుపులో నెలల తరబడి నొప్పి, మంట, గంటకు రెండుమూడుసార్లు బాత్రూముకి పరుగు, వీటికి ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అని పేరు పెట్టి ఈమధ్య భయపెడుతున్నారు. నిజానికది లక్షలో ఒకరికి వచ్చేది. అదీ నడివయసు దాటిన ఆడవాళ్లకే, మగవాళ్లకు రాదు. కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా మొలుస్తుందేమో చూసే పరీక్ష) నార్మల్, స్కోపీ (మూత్రాశయంలోకి సన్నటి గొట్టం పంపి లోపల చూడటం) నార్మల్ వస్తే ఏ జబ్బూ లేనట్టే, అంతా టెన్షన్. అమెరికాలో లక్షలమందికి ఉందన్నది మందుల కంపెనీలు పుట్టించిన లెక్క. మనవాళ్లకొచ్చేది ఒట్టి వేడి, నిమ్మరసం తాగితే తగ్గుతుంది.

నేను డాక్టర్ని కాను. యూరిన్ శాంపిళ్లు కల్చర్‌కి పెట్టి, మర్నాడు ప్లేట్ తీసి చూసి రిపోర్టు టైపు చేసే టెక్నీషియన్ని. ‘నో గ్రోత్’ అన్న రెండు మాటలు టైపు చేసినన్నిసార్లు నా పేరు కూడా టైపు చేసి ఉండను. మా చెల్లికి, అంటే ఆ ఫార్వర్డ్ పంపిన అమ్మాయికే, ఈ ఏడాది చేసిన మూడు కల్చర్లకూ అవే రెండు మాటలు వచ్చాయి. తనకు ఇరవై తొమ్మిదేళ్లు. అందుకే దండం బొమ్మ పెట్టి ఊరుకోలేకపోయాను. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

“లక్షలో ఒకరికి వచ్చే జబ్బు”

ఈ అంకె గాల్లోంచి ఊడిపడింది కాదు, అందుకే దీన్ని నమ్మినవాళ్లను తప్పుపట్టను. ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ అన్న పేరు 1887లో స్కీన్ అనే అమెరికన్ గైనకాలజిస్టు వాడాడు. 1915లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ డాక్టరు గై హన్నర్ కొందరు ఆడవాళ్ల మూత్రాశయం లోపలి గోడ మీద ఒక రకం పుండు ఉందని వ్యాసం రాశాడు. ఆ వ్యాసం పేరులోనే ‘అరుదైన రకం’ అని పెట్టాడు. ఆనాటి స్కోపుకి, ఆనాటి వెలుతురుకి ఆ పుండు కంటబడటమే గగనం, ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ మాట మాత్రం ఈ జబ్బుకి ఇంటిపేరులా అతుక్కుపోయింది.

1975లో ఒరావిస్టో అనే డాక్టరు ఫిన్లండ్ రాజధాని హెల్సింకీలో లెక్క తీస్తే లక్షమంది ఆడవాళ్లకు 18 మంది తేలారు. 2000 ప్రాంతంలో జపాన్‌లో ఆస్పత్రులను అడిగి వేసిన లెక్కలో లక్షమంది ఆడవాళ్లకు నాలుగున్నర. ఆడా మగా కలిపితే లక్షకు ఒకరికి కాస్త పైన. ఫార్వర్డ్‌లోని ‘లక్షలో ఒకరు’ బహుశా ఇక్కడినుంచే బయల్దేరి ఉంటుంది.

ఆ లెక్కలు వేసినవాళ్లు అబద్ధమాడలేదు. కాకపోతే అవి ఆస్పత్రి రిజిస్టర్లలో ఆ పేరుతో ఎక్కినవాళ్ల లెక్కలు. బజారుకొచ్చిన బుట్ట దించి చేపలు లెక్కపెట్టి, చెరువులో ఇన్నే ఉన్నాయంటే ఎలా?

ఆ బుట్టలో పడాలంటే ఎన్ని మెట్లెక్కాలో చూడండి. ముందు నొప్పి ఉందని ఇంట్లో చెప్పాలి. ఆడపిల్లలు ‘అక్కడి’ నొప్పి గురించి అమ్మకి చెప్పడానికే వారం పడుతుంది. తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి. యూరిన్ ఇన్ఫెక్షన్ అని ఐదురోజుల కోర్సు రాస్తారు. తగ్గకపోతే ఇంకో డాక్టరు, ఇంకో కోర్సు. అక్కడే చాలామంది విసిగి మానేస్తారు. మిగిలినవాళ్లలో కొందరు గైనకాలజిస్టు దగ్గర ఆగిపోతారు. ఇంకా మిగిలినవాళ్లు యూరాలజిస్టు దాకా వస్తే, ఆయన అనుమానించాలి, స్కోపీకి డబ్బుండాలి, చివరికి ఆ పేరు కాగితం మీద రాయాలి. అప్పుడు కదా లక్షలో ఒకరయ్యేది!

ఈ దారికి అడ్డంగా ఒక గేటు కూడా ఉండేది. 1987లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కిడ్నీ జబ్బులు చూసే విభాగం పరిశోధన కోసమని కొన్ని నిబంధనలు రాసుకుంది. మత్తు ఇచ్చి మూత్రాశయాన్ని నీళ్లతో సాగదీసినప్పుడు లోపల రక్తపు చుక్కలో, హన్నర్ పుండో కనబడాలి. వయసు 18 దాటాలి. తొమ్మిది నెలలైనా బాధ ఉండాలి. పగలు ఎనిమిది సార్లకు తక్కువ వెళ్తే ఈ జబ్బు కింద రాదు. రాత్రి లేవకపోయినా రాదు. పరిశోధనలో అందరూ ఒకే రకం రోగుల్ని తీసుకోవాలని పెట్టుకున్న కొలబద్ద ఇది. దాన్ని తీసుకెళ్లి క్లినిక్‌లో జబ్బు ఉందా లేదా తేల్చడానికి వాడారు. నిబంధనల్ని అచ్చంగా పాటిస్తే, అనుభవమున్న డాక్టర్లు ‘ఇది అదే’ అనుకున్న రోగుల్లోనే నూటికి అరవైమందికి పైగా గేటు బయట ఉండిపోతారని 1999లో తేలింది.

నాకు అన్నిటికన్నా నచ్చిన ఉదాహరణ పోర్ట్‌లాండ్‌ది. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రంలోని ఆ ఊళ్లో, కైజర్ పర్మనెంటే అనే పెద్ద ఆరోగ్య సంస్థ సభ్యుల రికార్డులు తిరగేసి 2005లో లెక్క కట్టారు. రికార్డులో ఆ జబ్బు పేరు రాసుంటే చాలనుకుంటే లక్షమంది ఆడవాళ్లకు 197 మంది వచ్చారు. స్కోపీ కూడా చేసి ఉండాలి అంటే 99 మందే మిగిలారు. మత్తు ఇచ్చి సాగదీసిన పరీక్ష కూడా జరిగి ఉండాలి అంటే 45. ఊరు అదే, రికార్డులు అవే, ఆ ఆడవాళ్ల నొప్పీ అదే. మారింది గుమస్తా చేతిలోని నిబంధన!

ఇక ఆస్పత్రి మెట్లు దిగి ఇంటి గుమ్మం దగ్గర నిలబడి లెక్కపెట్టినవాళ్ల సంగతి. 18 మందిని తేల్చిన ఫిన్లండ్‌లోనే, ముప్ఫై ఏళ్ల తర్వాత, జనాభా జాబితాలోంచి తీసిన ఆడవాళ్ల ఇళ్లకు ప్రశ్నావళులు పంపారు. లక్షణాలున్నవాళ్లను పిలిపించి క్లినిక్‌లో పరీక్ష కూడా చేశారు. ‘ఇది ఆ జబ్బే అయ్యుండాలి’ అన్న గట్టి కేసులే లక్షకు 230 తేలాయి. వియన్నాలో 2007లో లక్షమంది ఆడవాళ్లకు 306. దక్షిణ కొరియాలో 2011లో 261. అంటే అమెరికా వాళ్ల పైత్యమని కొట్టిపారేయడానికీ లేదు.

వీటన్నిటిలోకీ పెద్దది అమెరికాలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన సర్వే. 1,46,231 ఇళ్లకు ఫోన్లు చేశారు. ‘మీ ఇంట్లో 18 దాటిన ఆడవాళ్లలో ఎవరికైనా మూత్రాశయం బాధలున్నాయా’ అని మొదలుపెట్టి, ఉన్నవాళ్లను పొడుగాటి ప్రశ్నలడిగారు. 2011లో ఫలితం వచ్చింది: నూటికి 2.7 నుంచి 6.5 మంది. ఆ దేశపు లెక్కలో 33 లక్షల నుంచి 79 లక్షలమంది ఆడవాళ్లు. వాళ్లలో ఒక డాక్టరు నోట ఈ జబ్బు పేరు విన్నవాళ్లు నూటికి పదిమంది కూడా లేరు, 9.7 శాతం. ఫార్వర్డ్‌కి సమాధానం నిజానికి ఈ ఒక్క అంకెలో ఉంది. తొంభైమంది ఏ రిజిస్టర్‌లోనూ లేరు!

రెండు అంకెలెందుకు, ఒకటి చెప్పొచ్చు కదా అంటారేమో. ఒకటి చెప్పకపోవడమే నాకు వాళ్ల మీద నమ్మకం కలిగించింది. వాళ్లు రెండు జల్లెడలు తయారుచేసుకున్నారు. కన్ను పెద్దగా ఉన్న జల్లెడలో అసలు జబ్బున్నవాళ్లు నూటికి 81 మంది దొరుకుతారు, కానీ ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటిది దాని బయట పెరగడం) లాంటి వేరే జబ్బులున్నవాళ్లలోనూ దాదాపు సగంమంది వాళ్లతోపాటు జారిపడతారు. కన్ను చిన్న జల్లెడలో వేరేవాళ్లు నూటికి 17 మందే జారతారు, కానీ అసలువాళ్లలో సగానికి పైగా జల్లెడలోనే ఉండిపోతారు. రాళ్లన్నీ పోయి, ఒక్క బియ్యపు గింజా పోని జల్లెడ తమ దగ్గర లేదని వాళ్లే చెప్పారు. అందుకని నేను చిన్న కన్ను అంకెనే పట్టుకుంటాను: వెయ్యిమంది ఆడవాళ్లలో 27 మంది. రెండువేలకు ఒకరు, అంతకన్నా తక్కువ ఉంటేనే అరుదైన జబ్బు అని యూరప్ వాళ్ల కొలత. దానికి ఇది 54 రెట్లు.

ఫార్వర్డ్ రాసినాయన వైపునుంచి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఇంటి గుమ్మం లెక్కల్లోనూ పొల్లు ఉంటుంది. అమెరికాలో నర్సుల మీద దశాబ్దాలుగా సాగుతున్న పెద్ద అధ్యయనంలో ‘నాకు ఈ జబ్బు ఉంది’ అని టిక్కు పెట్టినవాళ్ల మెడికల్ రికార్డులు తెప్పించి చూశారు. వాళ్లలో రుజువైనవాళ్లు నూటికి ఆరేడుగురే. చివరికి లక్షకు 52 నుంచి 67 మందని 1999లో తేల్చారు. టిక్కు పెట్టింది మామూలు జనం కాదు, నర్సులు! అలాగే 2002లో ఒక ప్రశ్నావళిని, పొటాషియం ద్రావణం లోపలికి పంపి మంట వస్తుందా అని చూసే పరీక్షను ఆధారం చేసుకుని, ప్రతి నలుగురైదుగురు ఆడవాళ్లలో ఒకరికి ఈ జబ్బు ఉండొచ్చని కూడా రాశారు. అది నేను నమ్మను. లక్షలో ఒకరన్నది ఎంత తప్పో, నలుగురిలో ఒకరన్నదీ అంతే తప్పు.

అమెరికా శాతాన్ని తెచ్చి తెలుగు రాష్ట్రాల జనాభాతో గుణించి ‘మన దగ్గర ఇన్ని లక్షలమంది’ అని రాయడం కూడా నాకిష్టం లేదు. ఆ పని ఫార్వర్డులు రాసేవాళ్లకే వదిలేద్దాం.

ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. హన్నర్ చూసిన పుండు అరుదే. ఈ నొప్పితో వచ్చేవాళ్లలో అది కనిపించేది సాధారణంగా నూటికి ఐదు పదిమందిలో. పుండు అరుదైతే నొప్పి కూడా అరుదేనని ఎవరో ఎప్పుడో ముడిపెట్టేశారు.

“మగవాళ్లకు రాదు, నడివయసు దాటితేనే”

ర్యాండ్ వాళ్లే మగవాళ్లనూ అడిగారు. పెద్ద కన్ను జల్లెడలో నూటికి 4.2 మంది తేలారు. అంటే మనం అనుకునేంత తేడా లేదు. పోర్ట్‌లాండ్ రికార్డుల్లో మాత్రం ఆడవాళ్లు 197 అయితే మగవాళ్లు 41. మరి మిగతా మగవాళ్లు ఎక్కడికి పోయారు? ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) ఖాతాలోకి. అవే లక్షణాలతో మగాడు వస్తే చీటీ మీద ‘ప్రోస్టటైటిస్’ అని ఉంటుంది, ఆడమనిషి వస్తే ‘యూరిన్ ఇన్ఫెక్షన్’ అని ఉంటుంది. మా కౌంటర్ దగ్గర చీటీలు తీసుకునే అబ్బాయికి కూడా ఈ తేడా తెలుసు. వయసు సంగతికొస్తే, 18 ఏళ్లలోపు వాళ్లను లెక్కలోకే రానివ్వకూడదని నిబంధన పెట్టి, తర్వాత ‘చిన్నవాళ్లలో లేదు’ అనడం ఏం న్యాయం? మా చెల్లికి ఇరవై తొమ్మిదని ముందే చెప్పాను.

“కల్చర్ నార్మల్, స్కోపీ నార్మల్ అంటే ఏ జబ్బూ లేనట్టే”

ఇది నా రోజువారీ పని కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

మీరిచ్చిన డబ్బాలోంచి సన్నటి తీగ చుట్టతో చుక్కలో చుక్క తీస్తాం. మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. దాన్ని లేత ఆకుపచ్చగా ఉండే ప్లేట్ మీద గీస్తాం. 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి పొద్దున్నే తీస్తాం. మామూలుగా ఇన్ఫెక్షన్ చేసే బ్యాక్టీరియా ఉంటే పసుపు రంగు చుక్కలు మొలుస్తాయి. ఒక చుక్కంటే మిల్లీలీటరుకు వెయ్యి, వంద చుక్కలంటే లక్ష. ఆ లక్ష దాటితేనే ఇన్ఫెక్షన్ అన్న గీత 1950ల్లో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ అనే డాక్టరు గీసింది. కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్లను చూసి గీశాడు. మంటతో వచ్చిన ఆడవాళ్లలో అంతకన్నా చాలా తక్కువ సంఖ్యలోనూ నిజమైన ఇన్ఫెక్షన్ ఉండొచ్చని 1982లోనే చూపించారు. (ఈ జబ్బు కథలో ఎటు తిరిగినా లక్ష అడ్డొస్తుంది, ఏం చేస్తాం!)

ప్లేట్ ఖాళీగా ఉంటే ‘నో గ్రోత్’ అని కొడతాను. దానర్థం, ఆ ప్లేట్ మీద, ఆ వేడిలో, ఆ టైములో మొలిచే బ్యాక్టీరియా ఏదీ మొలవలేదని. నొప్పిని కొలిచే ప్లేట్ మా ల్యాబ్‌లో లేదు.

ఇంకా, ఖాళీ ప్లేట్‌కి కారణాలు చాలా ఉంటాయి. వచ్చే ముందే మెడికల్ షాపులో అడిగి రెండు యాంటీబయాటిక్ మాత్రలు వేసుకొచ్చేవాళ్లు కోకొల్లలు. శాంపిల్ తీసుకునేటప్పుడు ‘ఏమైనా మందులు వాడారా’ అంటే ‘లేదండీ’ అంటారు. రిపోర్టు తీసుకెళ్లేటప్పుడు ‘ఆ, రెండే వేసుకున్నా’ అంటారు. మన దేశంలో మరచిపోకూడనిది టీబీ. మూత్రాశయానికి టీబీ వస్తే మామూలు కల్చర్‌లో మొలవదు, కానీ సీయూఈలో (మూత్రాన్ని మైక్రోస్కోపు కింద కూడా చూసే మామూలు పరీక్ష) చీము కణాలు గుంపులుగా కనబడతాయి. కల్చర్ ఖాళీ, చీము కణాలు మాత్రం నిండుగా ఉంటే, వరసగా మూడు పొద్దుటి శాంపిళ్లు టీబీకి పంపమని డాక్టరు రాస్తే ఆశ్చర్యపోకండి. మూత్రాశయంలో రాయి, ఎండోమెట్రియోసిస్, కెటమిన్ మత్తు అలవాటు, మూత్రాశయపు క్యాన్సర్‌లో ఒక రకం, ఇవన్నీ అచ్చం ఇలాంటి బాధే పెట్టగలవు. ముఖ్యంగా మూత్రంలో రక్తం పడి, పొగతాగే అలవాటు కూడా ఉన్నవాళ్లు స్కోపీకి వెనకాడకూడదు. అంటే ‘నో గ్రోత్ కాబట్టి ఏమీ లేదు’ ఎంత తప్పో, ‘నో గ్రోత్ కాబట్టి ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్’ అనేసుకోవడమూ అంతే తప్పు. ఇన్ఫెక్షన్, ఇతర కారణాలు ఏవీ లేవని తేల్చుకుని, ఆరువారాలకు మించి మూత్రాశయానికి సంబంధించిన నొప్పో, ఒత్తిడో, ఇబ్బందో ఉండి, దాంతోపాటు మాటిమాటికీ వెళ్లాల్సి రావడం లాంటివి ఉంటేనే ఆ పేరు పెట్టమని అమెరికా యూరాలజిస్టుల సంఘం 2011లో రాసింది. అందులో స్కోపీలో ఫలానాది కనిపించి తీరాలన్న షరతు లేదు. ఎందుకంటే సాగదీసినప్పుడు కనిపించే రక్తపు చుక్కలు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి వచ్చిన, మూత్రం బాధే లేని ఆడవాళ్లలోనూ సగానికి దగ్గరగా కనిపించాయని 1998లోనే తేలింది. నొప్పి లేనివాళ్లలో ఉండి, ఉన్నవాళ్లలో లేకపోగల గుర్తును పట్టుకుని నొప్పి ఉందో లేదో తేలుస్తామా?

టెన్షన్ అంటారా? రాత్రి ఐదుసార్లు లేచిన మనిషికి పొద్దున్నే చిరాకు లేకపోతే ఆశ్చర్యపడాలి. కంగారు ఉంటే నొప్పి ఎక్కువగా తెలుస్తుందన్నది నిజమే, పంటి నొప్పికీ అంతే. కానీ పంటి నొప్పి వచ్చినవాణ్ని ‘నీకు పన్నే లేదు’ అని ఎవరూ పంపించరు. ఒకప్పుడు యూరాలజీ పాఠ్యపుస్తకాలే మనసులోని బాధ మూత్రాశయం మీద తీర్చుకుంటున్నారన్నట్టు రాశాయి. 1984లో అమెరికాలో విక్కీ రాట్నర్ అనే మెడిసిన్ విద్యార్థిని తనకే ఈ జబ్బు ఉండి, డాక్టర్లు ఏమీ లేదంటుంటే రోగుల సంఘం పెట్టింది. పని చేసుకోలేనంతగా మనిషిని కూలదోయగల శారీరక జబ్బు ఇదని 2002లో అమెరికా సోషల్ సెక్యూరిటీ శాఖ తన రూలింగ్‌లో రాసుకుంది. పైసా ఇవ్వాలంటే పదిసార్లు ఆలోచించే శాఖ అది.

“మందుల కంపెనీలు పుట్టించిన లెక్క”

మందుల కంపెనీల మీద అనుమానపడే అలవాటు మంచిదే, నాకూ ఉంది. కానీ ఇక్కడ కథ తిరగబడింది. ఈ జబ్బుకని అమెరికాలో అనుమతి పొందిన నోటి మాత్ర పెంటోసాన్ పాలీసల్ఫేట్, 1996లో వచ్చింది. అది వచ్చింది ‘ఆర్ఫన్ డ్రగ్’ దారిలో. ఆ దేశంలో రెండు లక్షలమందికన్నా తక్కువమందికి వచ్చే జబ్బులకు మందు తయారుచేస్తే పన్ను రాయితీ, ఏడేళ్లు పోటీ లేకుండా అమ్ముకునే హక్కు ఇస్తారు. అంటే కంపెనీకి లాభం తెచ్చిన మాట ‘లక్షలమందికి ఉంది’ కాదు, ‘చాలా కొద్దిమందికే ఉంది’! ఫార్వర్డ్ రాసినాయన తెలియక కంపెనీ పాత పాటే పాడుతున్నాడు.

33 లక్షలు తేల్చిన సర్వే నడిచింది ప్రభుత్వ సొమ్ముతో. పైగా ఆ మాత్రకు కూడా అంత దర్జా మిగల్లేదు. ఏళ్లతరబడి వాడినవాళ్లలో కంటి రెటీనా దెబ్బతింటోందని 2018లో అట్లాంటా డాక్టర్లు బయటపెట్టారు. ఇవాళ మంచి డాక్టరు మొదలుపెట్టేది ఒంటికి పడనివి మానడం, నీళ్లు సమంగా తాగడం, పొత్తికడుపు కింది కండరాల బిగువు తగ్గించే ఫిజియోథెరపీ, అవసరమైతే అమిట్రిప్టిలిన్ లాంటి పాత చవక మాత్ర. వీటితో ఏ కంపెనీ మేడలు కడుతుంది?

“మనవాళ్లకొచ్చేది ఒట్టి వేడి”

వేడి చేయడం అన్న మాటను నేను వెక్కిరించను. మే నెలలో నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి చురుక్కుమంటుంది. మజ్జిగ, సబ్జా నీళ్లు, బార్లీ తాగితే పల్చబడి తగ్గుతుంది. అది రెండురోజుల ముచ్చట. ఆరునెలలుగా, వానాకాలంలోనూ, నీళ్లు తాగినా తాగకపోయినా ఉండే నొప్పి వేడి కాదు.

నాకు కోపం వచ్చింది నిమ్మరసం దగ్గర. ఈ జబ్బున్నవాళ్లను ఏం తింటే నొప్పి పెరుగుతోందని అమెరికాలో అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది ఏదో ఒక తిండి పేరు చెప్పారు. నిమ్మజాతి పళ్లు, టమాటా, కాఫీ, టీ, సోడాలు, కారం పైవరసలో ఉన్నాయి. గోంగూర, చింతపండు ఆ జాబితాలో లేవు, రాసినవాళ్లు గోంగూర తినరు కాబట్టి. అందరికీ అన్నీ పడకపోవడం ఉండదు. ఒకరికి కాఫీ, ఇంకొకరికి పులిహోర. కానీ లోపల పచ్చిగా ఉన్నట్టు మండుతున్న మనిషికి రోజుకు రెండు గ్లాసుల నిమ్మరసం తాగమని చెప్పడం మాత్రం పుండు మీద కారం చల్లడమే. మా చెల్లి ఈ ఫార్వర్డ్ రాకముందే మా పిన్ని మాట విని పదకొండురోజులు తాగింది. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి మంచిదని అమ్మే క్రాన్‌బెర్రీ రసం సంగతీ ఇంతే, అదీ పులుపే.

బస్సు సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. మా చెల్లి విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సెక్కి రెండేళ్లయింది. రైలే ఎక్కుతుంది, అదీ బాత్రూమ్ పక్క బెర్త్ చూసుకుని. బయల్దేరే రోజు పొద్దుటినుంచి నీళ్లు ముట్టదు. దాంతో మూత్రం చిక్కబడి నొప్పి రెట్టింపవుతుంది. ‘అంత బాధైతే చెప్పొచ్చు కదే’ అంటే, ‘లక్షలో ఒకరికొచ్చేది నాకెందుకొస్తుంది అక్కా, మీరంతా టెన్షన్ అంటారని’ అంది.

ఫార్వర్డ్‌కి జవాబుగా నేను తనకు ఇంత రాయలేదు. మూడు రిపోర్టులూ ఫైల్లో పెట్టుకోమన్నాను. వంటింట్లో పక్కన పడేసిన ప్లాస్టిక్ కొలత గ్లాసు ఒకటి తీసుకుని, మూడురోజులు ఏ టైముకు ఎన్ని ఎమ్మెల్ వెళ్లిందో, అప్పుడు నొప్పి పదికి ఎంతో రాసి, ఆ కాగితంతో యూరాలజిస్టు దగ్గరికి వెళ్లమన్నాను. నిన్న రాత్రి మొదటిరోజు పేజీ ఫోటో పంపింది. పిల్లల రూళ్ల నోట్‌బుక్ కాగితం, రెండువైపులా నిండిపోయింది. పొద్దున ఐదు నుంచి మర్నాడు ఐదు దాకా ఇరవై ఆరు వరసలు. రాత్రి 2.10, 60 ఎమ్మెల్, నొప్పి 7. రాత్రి 2.50, 45 ఎమ్మెల్, నొప్పి 7. రాత్రి 3.40 ఎదురుగా ఎమ్మెల్ రాయలేదు, ‘గ్లాసు వెతుక్కునే టైము లేదు’ అని రాసింది.